తవుడు ధర

ఒకటో తారీఖు, ఇంకా తెల్లారలేదు.
ఆమదాలవలస దాటి, నాగావళి గట్టు దిగి
నేను స్కూటీ స్టాండు వేసేసరికే
సచివాలయం అరుగు మీద వరస కట్టేసి ఉంటారు.
పింఛన్ల జాబితాలో నూట తొంభై ఆరు పేర్లు.
బడి పిల్లల పట్టీలో పదకొండు.
రెండూ నా సంచిలోనే, ఒకే రబ్బరుబ్యాండు కింద.

జాబితా చదవడానికి నోరు తడబడదు.
గేదెల తవిటమ్మ. పేడాడ పెంటమ్మ.
లోలుగు తవిటినాయుడు. గురుగుబెల్లి పెంటయ్య.
మళ్లీ తవిటమ్మ, ఇంటిపేరే తేడా.
పట్టీ దగ్గరే నాలుక మడత పడుతుంది:
హన్విక్, జశ్విత, క్రిషాంక్.

"ఈ పేరేంటమ్మా నీకు?" అనడిగాను ఓసారి
గేదెల తవిటమ్మని,
మిషను ఆమె వేలిని మూడోసారి కాదన్నప్పుడు.
(గీతలన్నీ నారుమళ్లలోనే వదిలేసి వచ్చిన వేలు.)

"నా ముందు నలుగురు పోనారే.
ఐదోదాన్ని నాను.
పురుడెల్లకుండానే పక్కింటోలికి
మూడు సేర్ల తవుడికి అమ్మీసినాది మాయమ్మ.
ఎవుల్దో పిల్లనుకోని
సావు మా గుమ్మం దాటెల్లిపోద్దని."

పెంటమ్మని చేటలో పెట్టి
పెంటకుప్ప మీంచి ఎత్తుకొచ్చారట.
ఆ రోజు నుంచి
జాబితా నాకు జాబితాలా కనబడదు.
ప్రతి పేరు వెనకా
ఏ కాగితానికీ ఎక్కని ముగ్గురో నలుగురో
వరసలో నిలబడే ఉంటారు, చేతులు చాపకుండా.

ఇప్పుడెవరూ పిల్లల్ని తవుడికి అమ్మరు.
పుట్టింది బతుకుతుంది,
కాబట్టి ఒకటి చాలంటారు.
మంచి కబురే.
మంచి కబురుకీ ఖర్చుంటుందని
ఆషాఢంలో తెలిసింది:
నాట్ల గుంపులో అందరికన్నా చిన్నది పేడాడ గౌరి,
యాభై నాలుగు.
మిగతా చేతులు పర్లాకిమిడి వైపు నుంచి ఆటోలో వస్తాయి,
ఆరొందల కూలి, రెండు టీలు, మధ్యాహ్నం కూర.
తవిటినాయుడు నాటే మిషనుకి అప్పడిగితే
బ్యాంకు ఆయన వయసడిగింది.
డెబ్భై ఒకటి.
ఊళ్లోకి చేపల బండి కూడా
ఒకటో తారీఖునే వస్తుంది.

రాత్రి మా ఇంట్లోనూ లెక్కలే.
వ్యాను, ఎల్‌కేజీ, చిట్టీ, అత్తయ్య షుగరు మందులు.
"రెండోది..." అని మా ఆయన ఆగిపోతాడు.
ఫ్యాను తిరుగుతూ ఉంటుంది.
కనండి, ఇంకా కనండి అంటున్నారు పెద్దలు.
ఇక చాలని ఆపరేషను చేయించుకున్నందుకు
మా అమ్మకి స్టీలు బిందె ఇచ్చింది కూడా పెద్దలే.
ఆ బిందెలోనే ఇంకా నీళ్లు పడుతున్నాం.

తెలివి తక్కువై అన్నాను తవిటమ్మతో,
"ఆ రోజుల్లోలా ఇంటినిండా పిల్లలుంటే
నీకీ లైను తప్పేది కదా."
నన్ను కింద నుంచి పైకి చూసింది.
"ఏడుగుర్ని కన్నాది మాయమ్మ.
కూకోబెట్టి కూడెట్టినోలెవులు?
ముగ్గురం మిగిలినాం, ముగ్గురమూ కూలికే ఎల్లినాం.
లెక్క రాయడమొచ్చు గాని నీకు,
లెక్కొచ్చా?"

కాసేపాగి తనే,
"నీ గుంటకెన్నేళ్లు?"
"నాలుగు."
"ఎంతకి కొన్నావే?"

నవ్వి, ఆస్పత్రి బిల్లు నుంచి మొదలెట్టబోయి
ఎక్కడ ఆపాలో తెలీక ఊరుకున్నాను.
"తవుడిప్పుడు కిలో ముప్పై," అందామె,
"గేదెకే కొనలేకపోతన్నాం."
నాలుగోసారి వేలు ఆనించింది.
పచ్చ దీపం వెలిగింది.
నాలుగు వేలు రెండుసార్లు లెక్కపెట్టి
రొంటిన దోపి, చేపల బండి ఎటుందో చూసుకుంది.

పేజీ తిప్పాను.
జాబితా వెనక, రాత్రెప్పుడో
మా పాప తన అరచెయ్యి ఆనించి
చుట్టూ ఎర్ర క్రేయానుతో గీసుకుంది.
ఐదు వేళ్లు,
చిటికెన వేలు కాగితం అంచు దాటిపోయి.
కాగితం పల్చన.
ఇవతలి పేర్లన్నీ
ఆ చేతిలోంచి కనబడుతున్నాయి.

లోలుగు తవిటినాయుడు గారూ,
మీరు రండి.